ముక్కైనా తుపాకీయే

సోఫాను బోర్లించి అడుగున బిగించిన గోనెపట్టా విప్పేసరికి, స్ప్రింగుల మధ్య తెల్లటి మూట ఒకటి కనిపించింది. ఆసుపత్రుల్లో గాయాలకు చుట్టే బ్యాండేజీ గుడ్డ. ఎవరో దాన్ని ఒక స్ప్రింగుకు కట్టి, పైనుంచి దారంతో కుట్టేశారు. కుట్టు వంకరటింకరగా ఉన్నా ముడి మాత్రం మొండిగా ఉంది.

వీధిలో అందరూ ఆమెను సోఫాలక్క అంటారు. పాత సోఫాలు, కుర్చీలు విప్పి, స్పాంజి మార్చి, కొత్త గుడ్డ తొడిగి ఇవ్వడం ఆమె పని. సోఫాల పొట్టల్లో ఆమెకు దొరకని వస్తువంటూ లేదు. దువ్వెనలు, కళ్ళజోళ్ళు, ఒకసారి పెట్టుడు పళ్ళ సెట్టు. ఆ పళ్ళ సంగతి చెబితే ఆ ఇంటాయన గొంతు తగ్గించి, "మా అత్తగారివి. మళ్ళీ అక్కడే పెట్టి కుట్టేయండి" అన్నాడు. ఆ మాట తలుచుకుని ఇప్పటికీ నవ్వుకుంటుంది.

అలాగే నవ్వుకుంటూ మూట విప్పింది. లోపల నూనె పట్టించిన ఇనుప ముక్క. అరచేతిలో పట్టేంతే గానీ చూపుకు మించిన బరువు. ఒక పక్క గాడి, ఇంకో పక్క చిన్న కొక్కెం.

ఆమె భర్త వ్యాన్ నడుపుతాడు. జనం ఇళ్ళ నుంచి సోఫాలు తెచ్చేదీ, మళ్ళీ దింపేదీ అతనే. అటూ ఇటూ తిప్పి చూసి, "ఏదో తలుపు గడియ ముక్క. పాత ఇనుములో పడేయ్" అన్నాడు.

"గడియకు ఎవరైనా బ్యాండేజీ కడతారా?"

"దానికేం దెబ్బ తగిలిందో!"

అప్పుడే మేడమీది లాయరమ్మ కిందికి వచ్చింది. వయసులో చిన్నది. షాపు పైన ఒక గదిలో ఆఫీసు పెట్టుకుంది. కూర్చుంటే కుంగిపోయే కుర్చీ ఒకటి ఇచ్చి వెళ్ళింది, అది అయిందేమో అడగడానికి వచ్చింది. బల్ల మీదున్న ముక్కను చూసి అడుగుతున్న మాట సగంలో ఆపేసింది.

"అక్కా, అది ఎక్కడిది?"

"ఈ సోఫాలోదే. ఏంటది మేడమ్?"

"ముట్టుకోకండి. నేను ఇలాంటివి కోర్టులో టేబుల్ మీద చూశాను. అది తుపాకీలో ముక్క. అసలైన ముక్క. అది లేకపోతే తుపాకీ పేలదు. మామూలు తుపాకీది కూడా కాదు, మనలాంటి వాళ్ళ దగ్గర ఉండకూడని రకంది."

సోఫాలక్క చేతిని కొంగుకు తుడుచుకుంది. భర్త మాత్రం నవ్వాడు. "ముక్కేగా మేడమ్. తుపాకీ లేదుగా."

"చట్టానికి ఆ తేడా లేదన్నా. ఇలాంటి ముక్క ఒక్కటి దగ్గరున్నా మొత్తం తుపాకీ ఉన్నట్టే. శిక్ష కూడా అంతే."

"సరే, ఎవరి సోఫా వాళ్ళకిచ్చేస్తాం."

"తెలిసి ఇంకొకరి చేతికివ్వడం ఇంకో నేరం."

"కాలవలో పారేస్తాను."

"అప్పుడు సాక్ష్యం మాయం చేసినట్టవుతుంది."

"పోనీ నేనే వ్యాన్‌లో స్టేషన్‌కి తీసుకెళ్ళి ఇస్తాను."

"దారిలో ఆపి వ్యాన్ వెతికారనుకోండి, మీ మాట ఎవరు నమ్ముతారు?"

అతని నవ్వు పోయింది. "మీరు కిందికి రాకుండా ఉన్నా బాగుండేది. ఇందాకటి వరకూ అది గడియ ముక్క."

"నిజమే" అంది లాయరమ్మ నొచ్చుకోకుండా. "ఇందాకటి వరకూ మీకు తెలియదు, కాబట్టి తప్పు లేదు. ఇప్పుడు తెలిసింది. ఇక మిగిలింది ఒకటే దారి. దాన్ని కదపకుండా పోలీసులకు ఫోన్ చేసి, వాళ్ళొచ్చేదాకా ఇక్కడే కూర్చోవడం. నేను పైకెళ్ళి ఫోన్ చేసి, వీధి మొదట్లో నిలబడి తీసుకొస్తాను. మీరెవరూ కదలొద్దు."

ఆమె వెళ్ళాక భర్త షట్టర్ సగానికి దించి దాని ముందు నిలబడ్డాడు. షాపులో వెలుతురు తగ్గింది. ఎత్తిపెట్టిన సోఫాల కాళ్ళు, గోడకు ఆనించిన స్పాంజి పలకలు, నేలంతా పిన్నులు. పొద్దుటి దాకా ఇది ఆమె చోటు. ఇప్పుడు బల్ల మీద ముక్క ఒక్కటే ఉన్నట్టు, తనను దానికి కాపలా పెట్టినట్టు అనిపించింది. దాన్ని చూడకూడదనుకున్న కొద్దీ చూపు అటే పోతోంది.

ఆ సోఫా నర్సమ్మ ఇంటిది. అదే ఆమెకు మింగుడుపడని సంగతి. నర్సమ్మ ప్రభుత్వాసుపత్రిలో చేసి రిటైరైంది. ఒకసారి స్పాంజి కోసే కత్తి జారి సోఫాలక్క బొటనవేలు సగం తెగితే, సెలవులో ఉన్న మనిషి ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి కుట్లు వేయించింది. అలాంటి మనిషి ఇంట్లో ఇదేమిటి?

షట్టర్ బయట ఎవరో వాదిస్తున్నారు. "మూసేశామమ్మా" అంటున్నాడు భర్త. అంతలోనే ఆ సగం తెరిచిన షట్టర్ కింద నుంచి నర్సమ్మే వంగి లోపలికి వచ్చింది. ఒక కంటికి పచ్చటి గుడ్డ కట్టి ఉంది. శుక్లాల ఆపరేషన్ అయి ఆ పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిందని, అత్తగారు సంతోషపడుతుందని కోడలే సోఫాను బాగుచేయించడానికి పంపిందని తర్వాత తెలిసింది.

నర్సమ్మ రెండో కంటితో బల్ల వైపు చూసింది. విప్పి ఉన్న బ్యాండేజీ కనిపించింది. గోడ పట్టుకుంది.

"ఇటివ్వు తల్లీ. ఏమీ చూడలేదనుకో. ఇచ్చేయ్, వెళ్ళిపోతాను."

"ఇవ్వకూడదటమ్మా. పోలీసులకు ఫోన్ చేశాం. వచ్చేస్తున్నారు."

నర్సమ్మ అక్కడే, స్పాంజి ముక్కల మీద కూలబడింది. షట్టర్ దగ్గరున్న సోఫాలక్క భర్తకు వినపడకుండా, గబగబా చెప్పింది.

"మావాడు ముందు సెక్యూరిటీ కంపెనీలో చేసేవాడు కదా. అది మూతపడ్డప్పుడు వాడి దగ్గరో తుపాకీ ఉండిపోయింది. ఎవరూ అడగలేదు, వీడూ ఇవ్వలేదు. తర్వాత చాలాకాలం పని లేదు. మనిషి మాట్లాడటం మానేశాడు, తినడం మానేశాడు. ఎన్ని వార్డుల్లో ఎంతమందిని చూశాను! నాకు తెలియదా ఆ చూపు? ఒకరోజు తలుపు సందులోంచి చూశాను. అది ఒళ్ళో పెట్టుకుని, పక్కన ఒక కాగితం పెట్టుకుని కూర్చున్నాడు. నేను కావాలని గిన్నె కింద పడేశాను. వాడు గభాల్న దాచేశాడు. మర్నాడు వాడు స్నానానికి వెళ్తే ఆ ముక్క ఒక్కటి తీసేశాను. బాగున్న రోజుల్లో వాడే దాన్ని తుడుస్తూ నాకు చెప్పేవాడు, అమ్మా, ఇది తీస్తే మిగిలింది ఉత్త ఇనుప కడ్డీ అని."

"వాడికి చెప్పలేదా?"

"ఏమని చెప్పను? నువ్వు చచ్చిపోదామనుకోవడం నేను చూశానని చెప్పనా? ఆ మాట అంటే అప్పుడే పోతాడేమోనని భయం. దాని మీదే కూర్చున్నాను రోజూ. టీవీ చూసినా దాని మీదే, బియ్యం ఏరినా దాని మీదే. నా కింద ఉన్నంత సేపూ వాడు బతికే ఉంటాడనుకున్నాను." నర్సమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది. "ఇప్పుడు వాడికి ఉద్యోగం ఉంది, కూతురుంది, నవ్వుతున్నాడు. ఈ మాట నీ నోటి నుంచి రాకూడదు. వాడి పేరు అసలు రాకూడదు. ఒట్టెయ్యి."

బయట బండి ఆగిన చప్పుడైంది. సోఫాలక్క ఇంకేమీ ఆలోచించలేకపోయింది. "సరేనమ్మా" అంది.

ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చి, బల్లనూ మనుషులనూ చూసి, "ఎవరిది?" అనగానే నర్సమ్మ లేచి నిలబడింది.

"నాది."

"ఎక్కడిది?"

"దొరికింది."

"దేనికి దాచారు?"

లాయరమ్మ వద్దని సైగ చేస్తున్నా, నర్సమ్మ ఒంటి కన్నుతో నేల వైపు చూస్తూ, "నాదే" అని మళ్ళీ అంది. ఆమెను బండి ఎక్కించారు. మొగుడూ పెళ్ళాలిద్దరినీ వేరువేరుగా కూర్చోబెట్టి అడిగిందే అడిగారు. షాపుకు సీలు వేశారు.

నర్సమ్మ ఇల్లు మూలమూలా వెతికారు. తుపాకీ దొరకలేదు. పరుపులు కోశారు, అటకలు దించారు, పిండి డబ్బాలు కుమ్మరించారు. ముక్క ఒక్కటే ఉండి తుపాకీ లేకపోవడంతో పోలీసుల అనుమానం ఇంకా పెరిగింది. ఈ ముసలామె వెనక ఎవరో ఉన్నారు, ముక్కలు ముక్కలుగా చేతులు మారుస్తున్నారు అనుకున్నారు. బెయిలు రాలేదు.

సోఫాలక్కకు ఊపిరాడని రోజులు మొదలయ్యాయి. సీలు వేసిన షాపులో వీధి వీధంతటి సామాన్లూ ఇరుక్కుపోయాయి. పెళ్ళి చూపులకు సోఫా లేదని ఒకరు, ముసలాయన కూర్చునే కుర్చీ లేక నేల మీద నుంచి లేవలేకపోతున్నాడని ఒకరు ఇంటి మీదికి వచ్చారు. "మా సోఫాలో కూడా ఫిరంగి దొరికిందా?" అని ఎకసెక్కాలాడిన వాళ్ళూ ఉన్నారు. సాక్షి కాబట్టి చెప్పకుండా ఊరు దాటొద్దన్నారు. షాపు లేదు, ఊరు దాటే వీలు లేదు. పని లేని చేతులతో ఇంట్లో కూర్చుంటే నర్సమ్మ చెప్పిన మాటలే చెవుల్లో తిరిగేవి.

నర్సమ్మ తరఫున లాయరమ్మే నిలబడింది. ఒకరోజు ఇంటికి వచ్చి సూటిగా అడిగింది.

"అక్కా, నేను వీధి మొదట్లో ఉన్నప్పుడు ఆమె మీతో మాట్లాడింది. అన్న చెప్పాడు, ఏదో గొణిగిందని. ఏమంది?"

"ఏం లేదు మేడమ్. భయపడింది."

"చూడండి. ఎందుకు దాచిందో చెబితే జడ్జి దయ చూపడానికి సందు ఉంటుంది. చెప్పకపోతే లేదు. ఈ చట్టంలో కారణం లేకపోతే శిక్ష తగ్గించడానికి జడ్జికి కూడా చేతులు కట్టేసి ఉంటాయి. ఆ వయసులో ఆమె లోపలికెళ్తే మళ్ళీ బయటికి నడిచి రాదు."

సోఫాలక్క ఇంట్లోకి వెళ్ళి నీళ్ళు తెచ్చింది. అవి లాయరమ్మకు ఇవ్వడం మర్చిపోయి తనే తాగేసింది. లాయరమ్మ ఆమెను చూసింది గానీ ఇంకేమీ అడగలేదు.

మర్నాడు సోఫాలక్క జైలుకు వెళ్ళింది. అద్దం అవతల నర్సమ్మ చిక్కిపోయి ఉంది. కంటి కట్టు తీసేశారు, ఆ కన్ను ఎర్రగా ఉంది.

"చుక్కల మందు వేస్తున్నారామ్మా?"

"వేస్తున్నారు. మావాడు ఎలా ఉన్నాడు?"

"నేను చూడలేదు. అమ్మా, చెప్పేద్దామమ్మా."

నర్సమ్మ ముఖం బిగుసుకుంది. "చెబితే ఏమవుతుంది? తుపాకీ వాడిదని తేలుతుంది. నా చోట వాడుంటాడు. ఈ గోడల మధ్య మళ్ళీ వాడికి ఆ ఆలోచన వస్తే ఎవరు చూస్తారు? నువ్వు కోర్టులో నోరు తెరిస్తే అబద్ధమంటాను. నీ మొహం మీదే అంటాను."

"మీకు ఏమైనా అయితే నేను ఎట్లా బతకనమ్మా?"

"నీ చేత ఒట్టు వేయించుకుంది అన్నిటికీ తెగించే. పో."

బస్సులో తిరిగి వస్తున్నంత సేపూ ఆమెకు ఒకటే అనిపించింది. పోలీసుల తలుపు, కోర్టు తలుపు, నర్సమ్మ తలుపు, మూడూ తన మొహం మీదే మూసుకున్నాయి. చెబితే ఒకరు పోతారు, చెప్పకపోతే ఒకరు పోతారు. ఇంటి దగ్గర దిగాల్సిన చోట దిగలేదు. బస్సు ఆఖరి స్టాపులో, ఆసుపత్రి లాండ్రీ ముందు ఆగింది. నర్సమ్మ కొడుకు పని చేసేది అక్కడే.

లోపల ఆవిరి. గుండ్రటి పెద్ద యంత్రాల్లో దుప్పట్లు గిరగిర తిరుగుతున్నాయి. అతను తడి దుప్పట్లు తోపుడు బండిలోకి లాగుతున్నాడు. ఆమెను గుర్తుపట్టాడు గానీ దగ్గరికి రాలేదు. ఆమే దగ్గరికెళ్ళింది.

"తమ్ముడూ, ఒకసారి బయటికి రా."

"ఇక్కడే చెప్పక్కా. ఈ మోతలో ఎవరికీ వినపడదు."

అతని కళ్ళ కింద నల్లటి గుంటలు చూసి ఆమెకు భయమేసింది. అయినా వెనక్కి తగ్గలేదు. నర్సమ్మ చెప్పిందంతా కాకుండా, ఒక్క మాట అడిగింది.

"ఆ రోజు వంటింట్లో గిన్నె పడింది, గుర్తుందా?"

అతని చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. నీళ్ళు బూట్ల మీద కారుతున్నాయి.

"అమ్మ చూసిందా?" అన్నాడు చివరికి.

"చూసింది."

"నేను మర్నాడు తీసి చూస్తే ముక్క లేదక్కా. ఎవరు తీశారో తెలియదు. మా ఆవిడా, అమ్మా, ఇంటికొచ్చిన వాళ్ళెవరైనానా? అడగాలంటే ముందు ఆ వస్తువు ఇంకా నా దగ్గరే ఉందని చెప్పాలి. దేనికి తీశానో చెప్పాలి. భయమేసి మిగిలినదంతా తీసుకెళ్ళి నదిలో పారేశాను. అప్పటి నుంచీ ఇంట్లో ఎవరి మొహం చూసినా వీళ్ళకు తెలుసా, వీళ్ళకు తెలుసా అనే. తలుపు కొడితే పోలీసులే అనుకునేవాణ్ణి. మొన్న నిజంగానే వచ్చారు. వచ్చి అమ్మను పట్టుకున్నారని తెలిసి నేను..." అతను ఆగాడు. "తుపాకీ ఇంట్లో ఉందని అమ్మ కంటపడి, ఊరికే భయపడి ఆ ముక్క దాచిందనుకున్నాను. నా గురించి తెలిసే దాచిందని ఊహించలేదు."

"నువ్వు ఇప్పుడు ఎలా ఉన్నావు? నిజం చెప్పు. నాకు అదే భయం. మీ అమ్మకూ అదే."

అతను దుప్పటిని బండిలో పడేసి చెప్పాడు. "ఆ రోజులాగా లేను. కానీ బాగున్నానని కూడా చెప్పలేను."

"అయితే ఒక్కడివే ఉండకు. ఇప్పుడు నాతో రా. ముందు మీ ఆవిడకు చెబుదాం. తర్వాత డాక్టరుకు. ఆ తర్వాతే లాయరమ్మకు."

అతను తోపుడు బండిని పక్కకు నెట్టి, చేతులు తుడుచుకుని ఆమె వెంట వచ్చాడు. ఇంట్లో అతని భార్య అంతా విని, మొదట అతని భుజం మీద రెండు చేతులతో కొట్టింది. తర్వాత అదే భుజం పట్టుకుని ఏడ్చింది. "నేను పక్కనే పడుకున్నాను కదా, నాతో చెప్పడానికి నీకు నోరు రాలేదా?" అని ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ అడిగింది. సోఫాను బాగుచేయించిన పాపం తనదేనని అన్నాళ్ళూ కుమిలిపోయిన మనిషి ఆమె.

లాయరమ్మ ఏదీ దాచలేదు. "నువ్వు చెబితే అమ్మకు తగ్గుతుంది. నీకు మాత్రం శిక్ష పడుతుంది. తుపాకీ నదిలో ఉన్నా పడుతుంది. ఇది తెలిసే రా" అంది. అతను డాక్టరు కాగితం జేబులో పెట్టుకుని, భార్యతో కలిసి స్టేషన్‌కు వెళ్ళాడు.

కోర్టులో అతను నిలబడి, తలుపు సందు, ఒళ్ళో తుపాకీ, మర్నాడు మాయమైన ముక్క అన్నీ చెబుతుంటే, నర్సమ్మ బోనులో చెవులు మూసుకుంది. "అబద్ధం, అబద్ధం" అంది. జడ్జి ఆమెను ఆపలేదు. అతను ఆమె వైపు తిరిగి, "అమ్మా, గిన్నె పడేసింది నువ్వే కదా" అన్నాడు. నర్సమ్మ చేతులు కిందికి జారాయి.

ముక్క దగ్గరుంచుకోవడం నేరమేననీ, చట్టం తెలియకపోవడం సాకు కాదనీ జడ్జి అన్నాడు. అయితే ఒక ప్రాణం పోకుండా ఆపడానికి చేసిన పనినీ, ప్రాణం తీయడానికి చేసిన పనినీ ఒకే తక్కెడలో వేయలేనన్నాడు. పూచీకత్తు మీద నర్సమ్మను వదిలేశారు. కొడుకుకు శిక్ష పడింది. అనుకున్నదానికన్నా తక్కువే. డాక్టరు చూడటానికి వస్తూ ఉండాలని తీర్పులోనే రాశారు.

కోర్టు మెట్ల మీద సోఫాలక్క నర్సమ్మ చెయ్యి పట్టుకోబోయింది. నర్సమ్మ విదిలించుకుంది.

"నీకు చెప్పింది నా కడుపులోని మాట. దాన్ని నడివీధిలో పెట్టావు."

"వీధిలో పెట్టలేదమ్మా. వాడికే చెప్పాను."

"వాడికి చెప్పొద్దనే కదా ఒట్టు!"

మాట తప్పింది నిజమే. షాపు సీలు తీశాక కూడా పని చేస్తూ చేస్తూ ఆగిపోయేది. తను తెరిచిన తలుపు ఎవరికి మంచి చేసింది? ఒకరు లోపలి నుంచి బయటికొచ్చారు, ఇంకొకరు బయటి నుంచి లోపలికెళ్ళారు. భర్త ఓదార్చాలని చూసేవాడు. "నువ్వు చెప్పకపోతే ఇద్దరూ పోయేవాళ్ళు" అనేవాడు. అది నిజమో కాదో ఆమెకు తేలలేదు.

వానాకాలం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం నర్సమ్మ షాపుకు వచ్చింది. గొడుగు మడిచి గుమ్మంలోనే నిలబడింది.

"నిన్న వాణ్ణి చూసొచ్చాను."

సోఫాలక్క చేతిలో సుత్తి కింద పెట్టింది.

"అద్దం అవతల కూర్చుని గంట సేపు మాట్లాడాడు. వాడు పుట్టాక నాతో అంతసేపు మాట్లాడింది లేదు. ఆ రోజు కాగితం మీద ఏం రాశాడో కూడా చెప్పాడు. నేను అడగలేదు, వాడే చెప్పాడు." నర్సమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీ మీద కోపం నాకింకా పోలేదు. పోయిందని చెప్పడానికి రాలేదు."

"మరి?"

"వాడు నిన్ను ఒకసారి రమ్మన్నాడు. వచ్చే వారం నాతో వస్తావా?"

"వస్తానమ్మా."

"పొద్దున్నే వెళ్ళాలి. అక్కడ లైను పెద్దగా ఉంటుంది" అని నర్సమ్మ మళ్ళీ గొడుగు తెరిచి వానలోకి నడిచింది.